తప్పుల చీటీలు

మళ్ళీ చీటీ వచ్చింది.

బల్ల మీద ఆ పసుపు కాగితం చూడగానే కేటలాగర్‌కి ఒళ్ళు మండిపోయింది.

పైన పెద్ద అక్షరాల్లో 'ఫిర్యాదు' అని అచ్చు. కింద పొందికైన చేతిరాత. "తేనెటీగల పెంపకం పుస్తకాన్ని పిల్లల పెంపకం కింద చేర్చారు. సరిచేయగలరు."

పక్కనే ఎర్ర సిరాతో లైబ్రేరియన్ సంతకం.

"ఆ తప్పు నేను చేశానా?" అని పళ్ళు నూరింది ఆమె.

ఒకప్పుడు లైబ్రరీలోని ఆ గదిలో ఆరుగురు కేటలాగర్లు కూర్చునేవారు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ తిరగేసి, ఏ అంశం కింద చేరాలో వాదించుకుని, తేల్చుకుని, కార్డు రాసేవారు. ఇప్పుడు పుస్తకాలు నంబరు అంటించుకునే దిగుతున్నాయి. వాటి వివరాలు ఏదో కంపెనీ నేరుగా కంప్యూటర్‌లోకి పంపేస్తుంది. ఆ కంపెనీకి ఈగలైనా ఒకటే, పిల్లలైనా ఒకటే. ఐదుగురిని ఇంటికి పంపేసి, కంపెనీ తప్పులు దిద్దడానికి ఈమెని ఒక్కదాన్నే ఉంచారు.

ఆ ఒక్క కుర్చీకీ ఎసరు పెడుతున్నాడు ఈ చీటీల ముసలాయన.

రోజూ పదింటికల్లా వస్తాడు. కిటికీ పక్క కంప్యూటర్‌లో ఏదో వెతుకుతాడు. లేచి అల్మరాల మధ్య తిరుగుతాడు. పోతూపోతూ పెట్టెలో ఓ చీటీ వేసిపోతాడు. రెండేళ్ళుగా ఇదే తంతు. ఒక్క పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళిన పాపాన పోలేదు.

ఫిర్యాదులన్నీ నెలాఖరుకి పైవాళ్ళకి వెళ్తాయి. ఇన్ని తప్పులున్న సెక్షన్ ఎందుకని వాళ్ళు అడిగే రోజు ఎంతో దూరంలో లేదు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. ఇది తప్ప ఆమెకి మరో పని రాదు.

ఆమె తప్పు దిద్ది, చీటీని తీసుకెళ్ళి లైబ్రేరియన్ బల్ల మీద విసిరికొట్టి వచ్చింది.

మర్నాడు రెండు చీటీలొచ్చాయి. గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్నీ, అదే పేరుతో కవితలు రాసే టీచర్నీ ఒకే మనిషిగా చూపించారట. ఇంకేదో పుస్తకానికి రెండో భాగం ఉంది కానీ మొదటి భాగం లేదట.

ఇక ఆమె ఆగలేదు. చీటీలు పట్టుకుని విసవిసా హాల్లోకి వెళ్ళింది.

"ఏమండీ, మీకింకేం పని లేదా?"

ముసలాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "తప్పు కనపడింది, రాశానమ్మా."

"తప్పు వాళ్ళది, చీవాట్లు నాకు. మీ కాలక్షేపానికి నేనే దొరికానా?"

"నీకు తెలియదమ్మా. ఒక్క మాట విను."

"రెండేళ్ళుగా మీ మాటలే చదువుతున్నాను, ఇక చాలు!" చీటీలు పరపరా చింపి ఆయన ముందు పడేసింది. "మీ పుణ్యమా అని నా ఉద్యోగం ఊడేలా ఉంది. మళ్ళీ ఈ ఛాయలకి రాకండి!"

హాల్లో వాళ్ళంతా తలలెత్తి చూశారు.

ఆయన వంగి ముక్కలన్నీ ఏరుకుని, జేబులో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. పీడ విరగడైందనుకుంది ఆమె.

ఆ నెలంతా పెట్టె ఖాళీ. పై నెలా ఖాళీయే.

ఆ తర్వాత లైబ్రేరియన్ పిలిచి ఆర్డరు చేతికిచ్చాడు. సెక్షన్ మూసేశారు.

"ఇదేం అన్యాయం సార్?" ఆమె గొంతు పెంచింది. "రెండు నెలల్లో ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?"

"రాలేదమ్మా. అందుకే మూసేశారు."

ఆమె ఆర్డరు మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"దిద్దే మనిషి ఉండి తీరాలని చెప్పడానికి నా దగ్గరున్న సాక్ష్యం ఆ చీటీలే. మనం పట్టుకున్న తప్పుల్ని పైవాళ్ళు నమ్మరు. చదవడానికి వచ్చినవాళ్ళు పట్టుకోవాలి. నెలనెలా ఆ కట్ట చూపించే నీ కుర్చీ నిలబెట్టాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వే రాయిస్తున్నావంటారు. ఆయన్ని నువ్వు వెళ్ళగొట్టావని నిన్ననే తెలిసింది. మనిషిని పంపాను. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడట."

లైబ్రేరియన్ ఆ ముసలాయన చీటీల కట్ట ఆమె ముందుకి జరిపాడు.

ముందువైపు ఆమెకి కంఠతా వచ్చు. వెనక్కి తిప్పింది. అట్ట నుంచి అట్టదాకా చూడందే ఏ పుస్తకాన్నీ వదలని మనిషి, రెండేళ్ళలో ఒక్క చీటీనైనా వెనక్కి తిప్పి చూడలేదు. తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది.

ప్రతి చీటీ వెనకా, ఫిర్యాదు చేసినవారి వివరాల్లో 'వృత్తి' అన్న చోట, అదే పొందికైన చేతిరాత:

"మాజీ కేటలాగర్. ఒక్క ఫిర్యాదూ రాలేదని మా లైబ్రరీలో మా సెక్షన్ మూసేశారు."