మొక్కకో పండు

"టీచర్! టమాటాలు మళ్లీ పోయినయ్!"

గార్డెన్ క్లబ్ లీడర్ నీలిమ ఏడుపు ముఖంతో వచ్చింది.

"ఎన్ని పోయినయ్?" అంది కృపామణి టీచర్.

"మొక్కకొకటి. ప్రతి శనివారం ఇంతే. మనం కోతకి వచ్చేసరికి ఎవడో ముందే వచ్చి పోతన్నాడు."

కృపామణికి ఒళ్లు మండింది.

మాచవరం దగ్గర ఆ ఊళ్లో ఎటు చూసినా మిరప చేలే. అలాంటి చోట బడి వెనక టమాటా, వంగ వేయించింది ఆవిడ. అంతటితో ఊరుకుందా? లంబసింగి నుంచి స్ట్రాబెర్రీ నారు కూడా తెప్పించింది.

"ఈ ఎండకి మనుషులే నిలవలేకపోతన్నారు, ఆ సుకుమారాలు బతుకుతయ్యా టీచరమ్మా?" అని బడి పక్క చేను గురవయ్య నవ్వాడు.

ఆయన అన్నట్టే సగానికి పైగా మాడిపోయాయి. మిగిలిన వాటికి పిల్లలు ఇంటి నుంచి సీసాలతో నీళ్లు తెచ్చి పోశారు. వచ్చే శనివారానికి అవి పండుతాయి. తాము పెంచిన పండును ఆ పిల్లలు తమ చేత్తో కోసుకుని తినాలి. ఆ ఏడాది కృపామణి దేవుణ్ణి కోరుకున్నది అదొక్కటే.

"అడుగో టీచర్, ఆయనే!" వసీం గోడవైపు వేలు చూపించాడు.

గోడకు ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మిరపకోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీ. పేరు ఎవరూ అడగలేదు.

"ఏందయ్యా, టమాటాలు తింటంది నువ్వేనా?"

"నేనేనమ్మా." దాచాలన్న ఆలోచన కూడా లేదు ఆ ముఖంలో.

"పిల్లల నోటికాడిది లాక్కుని తినటానికి సిగ్గుగా లేదా? ఆకలైతే అడగొచ్చు గదా!"

"ఆకలికి కాదమ్మా."

ఆ మాటకు ఆవిడకు ఇంకా కోపం వచ్చింది.

"ఆకలికి కాకపోతే పొగరుకా? ఇంకోసారి లోపల కనపడితే పోలీసులకి పట్టిస్తా!"

అతను నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు. పిల్లలు టమాటాలు కొరుక్కు తినడం చూసి, లేచి చేలోకి వెళ్లిపోయాడు.

"మీకెందుకు టీచరమ్మా, పండ్ల సంగతి నేను చూసుకుంటా" అన్నాడు గురవయ్య. ఆ వారమే తోట చుట్టూ ముళ్లకంప కొట్టించాడు కూడా.

శనివారం వచ్చింది. కంప పక్కకు జరిగి ఉంది. ప్రతి స్ట్రాబెర్రీ మొక్కకూ ఒక పండు లేదు.

కృపామణి విసురుగా గోడ దగ్గరకు వెళ్లింది. అతను అక్కడే ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. చేత్తో కడుపు పట్టుకున్నాడు. నోటి పక్కన చొంగ కారుతోంది.

"పొద్దున్నే తాగొచ్చాడు టీచర్" అన్నాడు వసీం.

"ఒద్దు..." చెయ్యి ఊపుతూ ఏదో చెప్పబోయాడు. నాలుక తిరగలేదు.

"మా పండ్లు తిని, మమ్మల్నే వద్దంటావా!"

ఆవిడ వెనక్కి వచ్చి, మిగిలిన పండ్లు బుట్టలోకి కోయించింది. మొదటి పండు నీలిమ చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఆశగా నోటి దగ్గరకు తీసుకెళ్లింది.

అతను తూలుకుంటూ వచ్చి నీలిమ చేతిలో పండును కొట్టేశాడు. బుట్ట మీద బోర్లా పడి, పండ్లన్నీ మట్టిలో నలిపేశాడు.

పిల్లలు గొల్లుమన్నారు.

"ఎంత కావరంరా నీకు!" గురవయ్య గట్టు దూకి వచ్చి అతన్ని రెండు తన్నులు తన్నాడు. జుట్టు పట్టుకుని లేపబోయి, ముఖం దగ్గరకు వంగి, ఆగిపోయాడు.

అతని నోట్లోంచి నురగ వస్తోంది. ఆ వాసన ఏమిటో జీవితమంతా మిరప పండించిన మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.

"టీచరమ్మా... నిన్న మా చేనుకి కొట్టంగా ట్యాంకులో మందు మిగిలింది." గురవయ్య అతని జుట్టు వదిలేశాడు. "పారబొయ్యటం దేనికని పిల్లల మొక్కలకి కొట్టా. పురుగు పట్టకుండా ఉంటదని..."

మిగిలిన మందును ఊరికే పారబోసే రైతు ఆ చుట్టుపక్కల ఉండడు. బెండకైనా బీరకైనా కొట్టేస్తాడు. గురవయ్య పిల్లల మీద ప్రేమతో కొట్టాడు, అంతే.

108 పిడుగురాళ్ల చేరేలోపే అతను పోయాడు.

"దొంగే గానీ, పోయే ముందు ఒక మంచి పని చేశాడు" అనుకుంది ఊరు.

హెడ్మాస్టరు తోట మొత్తం దున్నించి క్లబ్బు ఎత్తేశాడు. కృపామణి అడ్డు చెప్పలేదు. ఇక పిల్లల చేత ఒక్క విత్తనం నాటించే ధైర్యం కూడా ఆవిడకు లేదు.

కూలీల గుడారాల దగ్గర అతని భార్య మూట సర్దుకుంటోంది. అతని పేరు ఉరుకుందప్ప అని కృపామణికి అక్కడే తెలిసింది.

"మీ పిల్లల్ని ఎవరు చూసుకుంటారమ్మా?"

"పిల్లోళ్లు లేరు టీచరమ్మా. ఒకతే పాప ఉండె."

కృపామణి అడగలేక అడిగింది.

"ఆకలి కాకపోతే మరి ఎందుకు తినేవాడమ్మా?"

ఆమె మూట ముడి బిగించి, నెమ్మదిగా చెప్పింది.

"మా పాప మందు కొట్టిన చేలో దోసకాయ తెంపుకుని తిని సచ్చిపాయ టీచరమ్మా, అప్పట్నుంచి యే ఊరికి కోతలకు పోయినా, ఆడ పిల్లోళ్లు తినేది ముందుగా ఆయప్ప తిని, చానాసేపు కూసోని, తనకేం కాకుంటేనే లేసొచ్చేటోడు."