స్విచ్చికి తాళం

"ప్రతి ఆయుధపూజకూ ఈ మెషిన్‌కి మాల కట్టేది నేను. ఈ ఏడు ఆ పిల్లకిచ్చినారా?" పోదనూరు మిల్లులో పాత ఫిట్టరు ముత్తుకృష్ణ గొణిగాడు.

"సేఫ్టీ ఆఫీసరు కదా అణ్ణా, మిల్లు ముదలాళే చెప్పినారు," అంది తోటి కార్మికురాలు పరమేశ్వరి. "ఎంత బాగా కట్టింది చూడు."

ముత్తుకృష్ణకు కడుపు మండిపోయింది. మెషిన్ ఒక్కసారి తిరిగితే చాలు, ఆ మాల తునాతునకలైపోతుంది. మెల్లగా వెళ్లి స్విచ్చి తిప్పబోయాడు.

స్విచ్చి కదల్లేదు. దానికి దిండిగల్ తాళం వేసి ఉంది.

"పరమేశ్వరక్కా, కొంచెం టార్చి పట్టు," మెషిన్ వెనకనుంచి కొత్త సేఫ్టీ ఆఫీసరు లక్ష్మిప్రియ గొంతు వినిపించింది.

ముత్తుకృష్ణ వంగి చూశాడు. లోపల పడిన కుంకుమ భరిణె కోసం ఆమె భుజం దాకా చెయ్యి పళ్లచక్రాల మధ్యకు దూర్చింది. తాళంచెవి రెండో చేతి గుప్పిట్లో ఉంది.

భరిణెతో లేచి అతణ్ణి చూసింది.

"స్విచ్చి దగ్గిర ఏమి చేస్తా ఉండారు మామా?"

"తాళం వేసినావా లేదా అని చూస్తా ఉండానమ్మా."

అతను తాళాన్ని పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు.