ఎత్తి పోసుకునే నీళ్లు

"చారులో ఇంగువ వెయ్యలేదేం?" అన్నారు మా అత్తగారు తాయారమ్మగారు.

వేశానన్నాను.

"వేస్తే వాసన రాదా? నెల్లాళ్లుగా ఇదే వరస!" అని కంచం పక్కకు జరిపారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

చిన్నప్పుడే పట్టి ఒంట్లో నిద్రపోయే వైరస్, కొందరికి పెద్దయ్యాక ముక్కులోనో కడుపులోనో లింఫోమా అనే క్యాన్సర్‌గా లేస్తుంది. అందుకే ఇప్పుడు ఇంటింటా ఎంగిలిని పరీక్షించే గ్లాసులున్నాయి. పెదవి తగిలితే అడుగున దీపం వెలుగుతుంది. పచ్చదైతే భయం లేదు, ఎర్రదైతే వైరస్ లేచినట్టు. అత్తగారి గ్లాసు ఏనాడూ వెలగలేదు. ఎర్రగా వెలగలేదు కదా అని మేమూ ఊరుకున్నాం. ఆవిడ ఎంగిలి చెయ్యరు. గ్లాసెత్తి నోట్లో పోసుకుంటారు.

"ఒక్కసారి పెదవి ఆనించి తాగండి అత్తయ్యా."

"ఈ వయసులో నాకు ఎంగిలి నీళ్లా?"

"నీ ఎంగిలి నీకేమిటమ్మా!" అన్నారు మావారు నవ్వుతూ.

నేను నవ్వలేదు. ఆవిడ నా ముఖంలోకి చూసి, మెల్లగా గ్లాసుకు పెదవి ఆనించారు. ఎర్రదీపం వెలిగింది.

కాసేపటికి అత్తగారే కంచం దగ్గరకు లాక్కున్నారు. "రేపు ఆసుపత్రికి వెళ్తున్నాను. ముక్కు బాగుపడేదాకా, ఇంగువ వేశానని నువ్వంటే వేసినట్టే. చారు పొయ్యి."