నూట పన్నెండో పేజీ

"మా తాత ద్రోహి కాదు. నూట పన్నెండో పేజీ తీసెయ్యాలె సారూ!"

మైకు చేతికి రాకముందే దశరథ లేచి అరిచాడు. హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు మూడో అంతస్తు అది. ఆదివారం క్లాసులు లేవు కాబట్టి అక్కడ పాఠకుల సమావేశం పెట్టారు. సాయుధ పోరాటం మీద భానుమూర్తి రాసిన చరిత్ర పుస్తకం ఏడాదిలో నాలుగు ముద్రణలు అమ్ముడుపోయింది. ఐదో ముద్రణకు ముందు పాఠకుల అభిప్రాయాలు వినాలని ఆయనే స్వయంగా వచ్చి కూర్చున్నాడు.

అప్పటిదాకా అన్నీ పొగడ్తలే. గ్రూప్స్ పాఠాలు చెప్పే లెక్చరర్ ఒకాయన ఇందులోంచి పది బిట్లు గ్యారంటీ అన్నాడు. ఇంకొకాయన కాగితం బాగుందనీ, అక్షరాలు కాస్త పెద్దవి చేస్తే తనలాంటి వాళ్లకు పుణ్యం ఉంటుందనీ అన్నాడు. బ్యాంకులో పనిచేసే విజయదుర్గ అయితే మైకు వదల్లేదు.

"ఆ బుచ్చయ్య చాప్టరుంది చూడండీ, ఒళ్లు గగుర్పొడిచిందంటే నమ్మండి. అన్నం పెట్టిన చేత్తోనే నలుగురు దళసభ్యుల్నీ పట్టించేశాడు! వెబ్ సిరీస్ తీస్తే అదిరిపోతుందండీ."

చప్పట్లు మోగిపోయాయి. గడ్డివాములో కాలిపోయినవాళ్లు నలుగురన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. చరిత్రలో ఒక ద్రోహి దొరికితే మనవాళ్లకు ఎంత సంబరమో!

ఆ బుచ్చయ్య మనవడే దశరథ. ఎల్‌బీ నగర్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. పక్క కుర్చీలో ఉన్నది అతని తల్లి ముత్తమ్మ, బుచ్చయ్య ఒక్కగానొక్క కూతురు. ఆమెకు ఎనభై దాటాయి. వచ్చినప్పటి నుంచీ "ఇంటికి పోదాం పా బిడ్డా" అని కొడుకు చొక్కా లాగుతూనే ఉంది.

"మీ బాధ అర్థమైందండీ" అన్నాడు భానుమూర్తి. "కానీ చరిత్ర మన ఇష్టప్రకారం రాసుకునేది కాదు కదా."

"ఊర్ల అమరుల స్థూపం మీద మా తాత పేరు నలభై ఏండ్ల సంది ఉన్నది. మీ బుక్కు సదివి యూత్ పోరగాండ్లు దానికి సిమెంట్ పూసిన్రు. మా అమ్మ కండ్ల ముంగటనే పూసిన్రు! తాత జైల్ల సచ్చిండు సారూ. ద్రోహైతే జైల్లెందుకేస్తరు?"

"ఆశ్రయం ఇచ్చారన్న కేసులో వేశారు. పోలీసులు ఇల్లు సోదా చెయ్యలేదు. నేరుగా పెరట్లోకి వెళ్లి గడ్డివాముకు నిప్పు పెట్టారు. ఎవరూ చెప్పకుండా ఎలా వెళ్తారు?"

"ఊర్లోడు ఎవడన్న చెప్పిండొచ్చు."

"వాళ్లు అక్కడున్నట్టు ఊరికి తెలీదు. ఆ ఇంట్లోవాళ్లకే తెలుసు."

"మరి మా తాతనే చెప్పిండని రుజువేది? సూపెట్టుండ్రి!"

భానుమూర్తి ముత్తమ్మ వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఫోను తీసి మైకు దగ్గర పెట్టాడు. "జైల్లో మీ తాతగారితో ఒకే గదిలో ఉన్నాయన మాటలు. ఇరవై ఏళ్ల కిందట నేనే టేపు మీద ఎక్కించుకున్నాను."

ఒక ముసలి గొంతు దగ్గుకుంటూ మొదలుపెట్టింది. "బుచ్చయ్యను మేమే నిలదీసినం, ఎవలు చెప్పిన్రని. మూడు దినాలు నోరిప్పలే. నాలుగోనాడు, 'నేనే చెప్పిన, నన్ను సంపుండ్రి' అన్నడు. సంపలే గని, మల్ల గాయినతోని ఎవ్వలం మాట్లాడలే. జరమొచ్చి పడుంటే నీళ్లు గూడ ఇయ్యలే. నెల తిరక్కముందే పోయిండు."

దశరథ కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్లూ ఊళ్లో ఎవరు ఏమన్నా ఎదురు తిరిగి కొట్లాడినవాడు, ఇప్పుడు తల్లి ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఏమనుకోకండి" అన్నాడు భానుమూర్తి. "ఆయనే ఒప్పుకున్నాడు. ఇంక నేనేం చెయ్యగలను?"

"నీళ్లు గూడ ఇయ్యలేదా?" అంది ముత్తమ్మ.

ఆమె ఫోను వైపు చెయ్యి చాపింది.

"మల్లొకపారి ఇనిపియ్యి సారూ."

ఆయన మళ్లీ వినిపించాడు. ముత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చివరిదాకా విన్నది. తర్వాత కొడుకు భుజం పట్టుకుని లేచింది. విజయదుర్గ తనే వచ్చి మైకు ఆమె నోటి దగ్గర పట్టుకుంది.

"మా నాయిన జైల్ల గిట్ల జెప్పిండని నాకు ఇయ్యాల్నే ఎరుకైంది" అంది ముత్తమ్మ. "గా పేజీ తీసెయ్యకుండ్రి సారూ. పేరు మార్చుండ్రి."

"మార్చడం కుదరదమ్మా. ఆయన తన నోటితో..."

"అబద్ధం జెప్పిండు."

"ప్రాణం మీదికొచ్చే అబద్ధం ఎవరైనా చెబుతారా అమ్మా? పోనీ, ఆయన పేరు తీసేసి ఎవరి పేరు రాయమంటారు?"

"ముత్తమ్మ అని రాయుండ్రి. ఆరేండ్ల పిల్లను సారూ, 'గిన్ని రొట్టెలు ఎవలకు బిడ్డా' అని పోలీసాయన ముద్దు జేసి అడిగితే, ఏలు పెట్టి గడ్డివాము సూపెట్టింది నేనే."