రోసమ్మ సిస్టర్ బొంత

"టేపు పెట్టి కొలవడం సుత రాదా వీళ్ళకి!"

హదస్సా అరుపు ఖాళీగా ఉన్న చర్చి హాల్లో మార్మోగింది. వినడానికి అక్కడ ఎవరూ లేరు. ఎదురుగా పొడుగాటి బల్ల, దాని నిండా రంగురంగుల గుడ్డ ముక్కలు.

ఆదివారం, నర్సుగా రిటైరవుతున్న రోసమ్మ సిస్టర్‌కు వీడ్కోలు సభ. ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆమె చేతుల మీద బిడ్డల్ని కన్న తల్లులంతా కలిసి ఆమెకు ఒక బొంత ఇవ్వాలనుకున్నారు. ఒక్కో తల్లి తన బిడ్డ పసితనపు బట్టలతో ఒక్కో ముక్క కుట్టి పంపాలి. వాటన్నిటినీ కలిపి కుట్టే పని హదస్సా నెత్తినేసుకుంది.

ప్రతి ముక్కా పన్నెండు అంగుళాలు ఉండాలని వాట్సాప్ గ్రూపులో మొత్తుకుంది. ఒకటి పదకొండు వచ్చింది. ఇంకొకటి పదమూడు. ఒకటైతే ఒకవైపు పన్నెండు, రెండోవైపు పది.

పొద్దుటినుంచీ కుట్టిన వరస వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ వంకరే.

విసుగ్గా కత్తెర అందుకుంది.

"హదస్సమ్మ అంటే మీరేనా?"

గుమ్మంలో ఎత్తుగా, సన్నగా ఒక పెద్దావిడ. చెప్పులు బయటే విడిచి నిలబడింది.

"విమలమ్మ ఆంటీ పంపిన మనిషివేనా? పొద్దున రమ్మంటే ఇప్పుడా వచ్చేది?"

కుట్టుపనికి ఒక మనిషిని పంపిస్తానని సైనిక్‌పురి విమలమ్మ మాటిచ్చింది.

పెద్దావిడ ఏదో చెప్పబోయింది.

"తర్వాత చెప్పుదువు. జెర కూసో ముందు. అసలే పరేషాన్‌ల ఉన్న. పెద్దగున్న ముక్కలన్నీ కోసేస్తున్న. అంచులు నువ్వు మడిచి కుట్టు."

హదస్సా ఏనుగు పిల్లల బొమ్మలున్న ముక్కకు కత్తెర ఆనించింది.

పెద్దావిడ గబుక్కున దాని మీద అరచెయ్యి పరిచింది.

"కొయ్యకమ్మా."

"ఏందీ?"

"పిల్లల బట్టలివి. తల్లులు ఎంత పదిలంగ దాచుకున్నరో."

"మరి ఏం చెయ్యమంటవ్? చిన్నవాటిని గుంజి పెద్దగ చెయ్యాల్నా?"

"చిన్నవాటికి చుట్టూ పట్టీలు వేద్దం. పెద్దవాటికి సమానమైతయి."

"అన్నిటికా? ఎప్పటికి తెములుతది అది?"

"నేనున్న గద."

హదస్సాకు వాదించే ఓపిక లేకపోయింది. అస్తరు కోసం తెచ్చిన తెల్లగుడ్డలో మిగులు ఉంటే ఆమె ముందు పడేసింది.

పెద్దావిడ పట్టీలు చించి పని షురూ చేసింది. కానీ ఎంత నిదానమో! ప్రతి ముక్కనూ ఒళ్ళో పెట్టుకుని, ముడతలు సాపు చేసి, "ఇది ఎవరి బిడ్డది?" అని అడుగుతుంది.

"ఎవరిదైతే ఏంది? జెర చెయ్యి నడిపియ్యి."

ఇంకో ముక్క ఒళ్ళోకి తీసుకుంటుంది. మళ్ళీ అడుగుతుంది.

నీలం చొక్కా ముక్క వచ్చేసరికి హదస్సాయే చెప్పింది.

"అది మావోనిది. మెడకు పేగు చుట్టుకుని పుట్టిండు. ఏడ్వలే, కదల్లే. రోసమ్మ సిస్టర్ లేకుంటే వాడు లేడు."

"ఇప్పుడు మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు. ఒక్క మాట వినడు."

పెద్దావిడ ముఖం వెలిగింది. ఆ ముక్కకు పట్టీ వేసి, కుట్టు మీద కుట్టు వేసింది.

మర్నాడు ఎవరూ పిలవకుండానే మళ్ళీ వచ్చింది. సాయంత్రానికి బొంత బల్ల మీద తిన్నగా పరుచుకుంది. ఒక్క ముక్కకూ కత్తెర తగల్లేదు.

హదస్సాకు మెడ పట్టేసింది. కుర్చీల వాడు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. పెద్దావిడకు ఒక్క మంచి మాట చెప్పాలని కూడా తోచలేదు.

"అమ్మా, ఆదివారం నేను సుత రావచ్చునా?"

"ఆదివారం తల్లులకే. వాళ్ళకే కుర్చీలు సరిపోతలేవు," అంది హదస్సా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటూ.

పెద్దావిడ బొంతను ఒకసారి నిమిరింది.

"మంచిదమ్మా," అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. భుజాల చుట్టూ బొంత కప్పగానే రోసమ్మ కళ్ళు నిండాయి. ఒక్కో ముక్కనూ వేలితో తాకుతూ పిల్లల పేర్లు చెబుతుంటే తల్లులంతా నవ్వుతూ ఏడ్చారు.

విమలమ్మ హదస్సా చెయ్యి పట్టుకుంది.

"మాఫ్ చెయ్యి బిడ్డా. నేను పంపుతనన్న మనిషికి జ్వరమొచ్చి రాలే. అంతా నువ్వొక్కదానివే చేసుకున్నవ్."

హదస్సా చూపు గుమ్మం వైపు పోయింది.

పక్కనే ఉన్న రోసమ్మ ఆ మాట విన్నది.

"ఒక్కతే ఎందుకు? మా పర్వతాలు రాలేదా, ఎత్తుగ, సన్నగ ఉంటది? నువ్వు సుత పోయి రెండు కుట్లు వెయ్యి అని నేనే పంపిన గద. ఏదీ, ఎక్కడ కూసుంది?"

రోసమ్మ కళ్ళు కుర్చీల వరసల్లో వెతుకుతున్నాయి.

"ఆమె... ఆమె ఎవరు సిస్టర్?" అడిగింది హదస్సా.

"నేను చేసిన మొట్టమొదటి కాన్పు ఆమెదే. బిడ్డ దక్కలే. ఇంక ఈ చేతులతోని ఈ పని చెయ్యనని నౌకరీ ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్న."

రోసమ్మ బొంత అంచు గుండెకు హత్తుకుంది.

"పచ్చి బాలింత, గోడలు పట్టుకుంట మా ఇంటికొచ్చి, నా రెండు చేతులు పట్టుకుని, 'తప్పు నీది కాదు సిస్టర్, రేపు ఇంకో తల్లి వస్తది, లే' అని నన్ను మళ్ళ వార్డుకు పంపింది ఆమెనే."