గుడ్లగూబ చెవులు

గుడ్లగూబ ఎవరో తెలిస్తే అయస్కాంతం వాడి పీక పిసికేసేవాడే. తెలియదు కాబట్టి పళ్ళు నూరుకుంటూ ఊరుకున్నాడు.

అయస్కాంతం అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. అతను ఇంటి ముందుగదిలో హెడ్‌ఫోన్లు తయారుచేస్తాడు. అల్లాటప్పా రకం కాదు. పల్చటి పొరకి రెండువైపులా అయస్కాంతాలు బిగించిన ప్లానార్ రకం. చెవులకి ఆనే కప్పుల వెనకభాగం మూసి ఉంటుంది కాబట్టి పాట బయటికి పొక్కదు. మడిచి సంచిలో పడేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. నిక్షేపంలాంటి ఉద్యోగం మానేసి మరీ ఈ పనిలోకి దిగాడు.

గుడ్లగూబ అన్నది ఇంటర్నెట్లో ఒక పేజీ. దానికి ముఖం లేదు, అసలు పేరు లేదు. ఉన్నదల్లా ఒక పోస్టుబాక్సు నంబరు. హెడ్‌ఫోన్లు కొనేవాళ్ళు మాత్రం ఆ పేజీ చూడందే పర్సు తీయరు. అయస్కాంతం తన మొదటి మోడల్‌ని ఎంతో ఆశగా అక్కడికి పంపాడు. రివ్యూ వచ్చింది.

"గాయని పక్కింట్లో పాడుతోంది. మనం గోడకి చెవి ఆనించి వింటున్నాం. డ్రమ్ములు దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాయి. ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చట! మోసే మనిషిని డబ్బాలో పెట్టడం మరిచిపోయారు."

ఆ చివరి మాట పట్టుకుని జనం నెలపొడుగునా నవ్వారు. అమ్ముడుపోయినవి కూడా తిరిగొచ్చాయి.

"ఇంట్లో అందరికీ వినిపించాకే కదా బయటికి వదిలాను! అత్తయ్యగారూ, మీరు చెప్పండి, ఎలా ఉంది?"

"చాలా బాగుంది బాబూ," అన్నారు అత్తగారు.

ఆవిడ మాట అతనికి ఎందుకూ కొరగాదు. కూతురి దగ్గర ఉంటున్న మనిషి. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనరు. ఏది వినిపించినా అదే నవ్వు, అదే మాట.

తిట్టుకుంటూనే అతను ఆ తప్పులన్నీ సరిచేశాడు. రెండో మోడల్ తయారైంది. గాయని పక్కింట్లోంచి వచ్చి ఎదురుగా కూర్చుని పాడింది. బరువు సగానికి సగం తగ్గింది. కానీ కొనేవాడేడీ? "మోసే మనిషి కూడా వస్తాడా?" అన్న ఎగతాళి తప్ప ఒక్క ఆర్డరూ రాలేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే పనిముట్లు అమ్మేసి మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాల్సిందే.

ఒకరోజు భోజనాల దగ్గర వెలిగిపోతున్న ముఖంతో భార్యకి చెప్పాడు.

"దొరికాడే ఆ గుడ్లగూబగాడు! పెద్ద కంపెనీ హెడ్‌ఫోన్ ఒకటి నెత్తిన పెట్టుకుని ఊరేగించాడు చూడు, వయొలిన్ వాయించేవాడి ఊపిరి కూడా వినిపించిందని రాశాడే, అది కొన్నాను. లోపల ఒక్క మర కదపలేదు. పై రేకులు మార్చి, రంగు మార్చి, ఎవరూ వినని కంపెనీ పేరొకటి చెక్కి వాడికి పంపిస్తున్నాను. అంతా వీడియో తీశాను."

"ఏమిటండీ ఈ పగలు? కొత్త మోడల్ సంగతి చూసుకోక," అని భార్య విసుక్కుంది.

"చూసుకుంటున్నది అదే! ఊరూపేరూ లేని కంపెనీ అంటే వాడికి చులకన. తిడతాడు. తిట్టగానే వీడియో వదులుతాను. నా పరువు బజారున పడేశాడు. వాడిదీ పడాలి. అప్పటిదాకా నాకు నిద్ర పట్టదు."

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టారు.

"ఆయన గనక తిడితే, ఇంక ఆయన మాట ఎవరూ నమ్మరా బాబూ?"

"కుక్క కూడా నమ్మదు అత్తయ్యగారూ."

"మీ మొదటిదాని గురించి రాసింది కూడానా?"

"అదీ ఒట్టి కూతే అనుకుంటారు. మన కొత్తది ధైర్యంగా కొంటారు."

"మరి పొగిడితే?"

ఆ ముక్క అతనికి తట్టనే లేదు. కాసేపు అన్నం కెలికాడు.

"పొగిడితే నా ఖర్మ. నోరు మూసుకుని ఉద్యోగానికి పోతాను."

"తినండి బాబూ, చల్లారిపోతోంది," అన్నారావిడ.

పార్సిల్ తనే స్వయంగా పోస్టులో వేసొచ్చాడు. ఆ రోజు నుంచి కాలు ఒకచోట నిలవలేదు. పొర అతికిస్తూ ఫోన్ చూసేవాడు, స్నానం మధ్యలో వచ్చి ఫోన్ చూసేవాడు.

చివరికి రివ్యూ వచ్చింది.

"వయొలిన్‌కి జలుబు చేసింది. పాడేవాడి నోట్లో ఎవరో దూది కుక్కారు. దీన్ని తయారుచేసినవాళ్ళు సంగీతం గురించి ఎవరో చెప్పగా విన్నట్టున్నారు."

అయస్కాంతం కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. వెంటనే వీడియో వదిలాడు.

సాయంత్రానికల్లా జనం గుడ్లగూబని ఉతికి ఆరేశారు. చెవిటి గుడ్లగూబ అన్నారు. పెద్ద కంపెనీ దగ్గర ఎంత ముట్టిందని అడిగారు. ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకున్నవాళ్ళే మరీ ఎక్కువగా తిట్టారు. అయస్కాంతం ఒక్కో తిట్టునీ రెండేసిసార్లు పైకి చదివాడు. అతని కడుపు చల్లబడింది.

అంతలో ఆర్డర్లు మొదలయ్యాయి. గుడ్లగూబ నోట్లో పడ్డ పాపానికి ఆ చేతిపనివాడికి అన్యాయం జరిగిందని ఎవరో రాశారు. ఆ మాట నలుగురి నోటా పాకింది. రాత్రి భోజనాల వేళకి చేతిలో ఉన్న సరుకంతా అమ్ముడుపోయింది. పగలూ ప్రతీకారాలూ ఎందుకన్న భార్య కూడా పకపకా నవ్వేసింది.

"చూశారా అత్తయ్యగారూ? ఏళ్ళతరబడి సంపాదించుకున్న పేరు ఒక్కపూటలో ఊడ్చిపెట్టుకుపోయింది. వాడు ఇప్పుడు ఎక్కడ కూర్చుని ఏడుస్తున్నాడో!"

"మీ పని నిలబడింది, అంతే చాలు బాబూ," అన్నారు అత్తగారు.

ఆవిడ తన గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, గుడ్లగూబ పేజీ తెరిచి, పాస్‌వర్డు కొట్టి, దాన్ని శాశ్వతంగా మూసేశారు.