బుగ్గల్లో మిగిలిన ఈతపండ్లు

చేతికందినదాన్ని చేర్చవలసిన చోట చేర్చక దాచుకునేవాడా, తల వంచుకొని విను.

ఆ ఎండాకాలం అడవిలో నీళ్ళున్న చెలమ ఒక్కటే మిగిలింది. పొద్దు గుంకేలోగా తమ గుంటలో ఎక్కువ ఈతపండ్లు వేసినవాళ్ళదే ఆ చెలమ అని పందెం. ఒకవైపు రెండు నక్కలు. మరోవైపు ఉడుత, చంటిపిల్లను పొట్టకు కరిపించుకున్న కోతి. లెక్క కొంగది.

ఉడుత ఒక్కొక్క పండూ తెచ్చి వేస్తోంది. కోతి బుగ్గల్లో కుక్కుకుంటోంది.

"అక్కా, ఉన్నవి వేసెయ్. బుగ్గలో ఉంటే లెక్కకు రావు," అంది ఉడుత.

"నీలా ఒక్కొక్కటీ మోసే ఖర్మ నాకేమిటే? ఆఖర్న ఒక్కసారే కుమ్మరిస్తా. నక్కలు నోరెళ్ళబెట్టాలి."

పొద్దు కొండను తాకాక కోతి గుంట మీదికి వంగింది. పండ్లు నలిగి ముద్దయి, బుగ్గలకు అతుక్కుపోయాయి. వేళ్ళతో గోకింది. రెండు పండ్లు, కాస్త గుజ్జు పడ్డాయి. అంతలో పొద్దు గుంకింది.

"ఇంకా ఉన్నాయి, ఇవిగో," అని కోతి బుగ్గలు చూపించింది.

"గుంటలో లేనిది నేను లెక్కపెట్టను," అంది కొంగ.

పందెం గెలిచిన నక్కలు చెలమకు కాపలా కూర్చున్నాయి. ఉడుత అడవి విడిచిపోయింది. తొలి వాన పడకముందే, పాలింకిన కోతి ఒడిలో పిల్ల దాహంతో ప్రాణం విడిచింది.